తీగ అందరిదీ, నిఘంటువు కొందరిదా?

జీపీఎస్ మాడ్యూల్‌తో ఎప్పుడైనా కుస్తీ పట్టినవాళ్ళకి డాలర్ గుర్తుతో మొదలై, కామాలతో నడిచి, చెక్‌సమ్‌తో ముగిసే వాక్యాలు పరిచయమే. ఆ భాష అసలు పడవల వాళ్ళది. 1983లో అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ తెచ్చింది, పేరు ఎన్‌ఎమ్‌ఈఏ 0183. మామూలు వేగం సెకనుకి 4800 బిట్లు. నత్తనడకే, కానీ నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు.

దాంతో చిక్కల్లా ఏంటంటే, ఒక తీగ మీద మాట్లాడేది ఒక్కరే, మిగతావాళ్ళు వినాల్సిందే. లోతు కొలిచేది, గాలి మీటరు, దిక్సూచి, ఆటోపైలట్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే పడవ నిండా తీగలే. అందుకని ఎన్‌ఎమ్‌ఈఏ 2000 వచ్చింది. దాని పునాది బాష్ వాళ్ళు కార్ల కోసం 1986లో బయటపెట్టిన క్యాన్ బస్. పడవ పొడుగునా ఒక వెన్నెముక తీగ, రెండు చివరలా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు, మధ్యలో టీ ఆకారపు కనెక్టర్లు. వేగం 250 కిలోబిట్లు, కరెంటు కూడా అదే కేబుల్లో. ఇంజనీరుగా చూస్తే ముచ్చటేస్తుంది.

మరి నా గొడవేంటంటారా? ఈ తీగ మీద వెళ్ళేది అక్షరాలు కాదు, బైట్లు. ఒక్కో సందేశానికీ ఒక్కో నంబరు. ఏ నంబరుకి ఏ అర్థమో చెప్పే పుస్తకం డబ్బు కట్టి కొనుక్కోవాలి. 0183 పుస్తకమూ అమ్మకానిదే, కానీ దాని వాక్యాలు చూస్తే సగం అర్థమైపోయేవి. ఇక్కడ ఆ వీలు లేదు. పడవ మీది, సెన్సరు మీది, డేటా మాత్రం మీకు అర్థం కాదు!

ఉదాహరణకి 128267 అన్న సందేశం నీటి లోతు చెబుతుంది. అందులో లోతుతో పాటు ఒక ఆఫ్‌సెట్ ఉంటుంది. అది ధనాత్మకమైతే సెన్సరు నుంచి నీటి పైభాగానికి దూరం, రుణాత్మకమైతే పడవ అడుక్కి దూరం. ఆ గుర్తు అర్థం తెలియకుండా ఎవరైనా ప్రోగ్రాం రాస్తే, తెర మీద లోతుంటుంది, పడవ ఇసుకలో ఉంటుంది. క్యాన్‌బోట్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వాళ్ళు తీగ మీది బైట్లు చూసి చూసి ఇలాంటి అర్థాలు రాబట్టి అందరికీ పంచారు. మెచ్చుకోవాల్సిందే, కానీ భద్రతకి సంబంధించిన సంగతి ఇలా ఊహించి తెలుసుకోవాల్సిన ఖర్మేంటి?

అవతలివాళ్ళ వాదనలోనూ పస ఉంది. క్యాన్ బస్‌లో పంపినవాడెవడో నిర్ధారించుకునే ఏర్పాటు లేదు. ఎవడో చేతకాని కోడుతో తప్పుడు దిశ పంపితే ఆటోపైలట్ నమ్మేస్తుంది. నిజమే. అయితే తీగ మీద రాసే పరికరాలకి పరీక్షలు పెట్టండి, సర్టిఫికెట్లు అడగండి, ఫీజులు తీసుకోండి. చదవడానికి తాళమెందుకు? పుస్తకం దాస్తే చెడ్డ కోడు ఆగదు, ఇంకాస్త చెడ్డదవుతుంది.

ఇది పడవల గోలే, మనకెందుకు అనుకోకండి. కార్లు, ఫ్యాక్టరీలు, ఆస్పత్రి పరికరాలు, వీటి కోడు రాసేవాళ్ళలో మనవాళ్ళు బోలెడుమంది. రేపు మీ టీములో ప్రోటోకాల్ రాయాల్సి వస్తే, దాని పత్రం ఎవరికి అందాలో అడిగే అవకాశం మీకే ఉంటుంది. అప్పుడు మీరేమంటారు?