పార్ట్‌టైమ్ సారుకి గంట జీతమేనా?

పీహెచ్‌డీలో చేరిన మనవాళ్లకి రీసెర్చ్ మెథడాలజీ చెప్పడానికి గెస్ట్ ఫ్యాకల్టీని పెడతామంటే మనం వద్దనం. యూజీసీ 2019లో క్లాసుకి 1,500, నెలకి 50,000 మించకుండా ఇవ్వమంది. కానీ ఆ లెక్క క్లాసుకే. మన ప్రశ్నావళి దిద్దడానికి, గూడెంలో పెద్దల్ని ఎలా అడగాలో చూపడానికి లెక్కేది? బెల్లవగానే సారు బస్సెక్కితే తప్పు ఆయనది కాదు.

1940ల్లో హైమన్‌డార్ఫ్ వచ్చి మన గోండు గూడేల గురించి రాశారు. ఇక మన గురించి మనమే రాయాలంటే ఈ పేపర్ గట్టిగా నేర్చుకోవాలి.

అందుకే అడుగుదాం: పార్ట్‌టైమ్ అయినా సెమిస్టర్ మొత్తానికి తీసుకోండి. గైడెన్స్ గంటలకీ డబ్బులివ్వండి. ఫీల్డ్‌వర్క్ చేసినవాళ్లనే పిలవండి. అర్హత ఉన్న మన పీహెచ్‌డీ అన్నలు, అక్కలు ఖాళీగా ఉన్నారు, వాళ్లకీ కబురు పెట్టండి.