ప్రాజెక్టు అయిపోయాక చేపల సంగతేంది?

పోయిన వారం మా క్లాసు గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఈసారి మినీ ప్రాజెక్టుకు 'స్మార్ట్ రీఫ్ ట్యాంక్' చేద్దామని. అంటే ఉప్పునీళ్ళ అక్వేరియం, అందులో రెండు నీమో చేపలు, నాలుగు పగడాలు, ఒక ఈఎస్‌పీ32 బోర్డు, నాలుగైదు సెన్సర్లు, ఫోన్‌లో ఒక యాప్. ఫెస్ట్ రోజు డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర పెడితే వచ్చినోళ్ళు వచ్చినట్టే నిలబడిపోవాలె అని రాశాడు మావాడు. పది నిమిషాల్లో ముప్పై బొటనవేళ్ళు లేచాయి. నేనొక్కడినే 'వద్దు' అని పెట్టాను. ఎందుకు వద్దో గ్రూపులో రాస్తే ఎవరూ చదవరు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట. అక్వేరియం అంటే పడని మనిషిని కాను. పడి, పెట్టి, చేతులు కాల్చుకున్నవాణ్ణి.

మాది అచ్చంపేట. ఊరు దాటితే నల్లమల. సముద్రం ఎటు పోయినా వందల కిలోమీటర్లు. మా ఇంట్లో సముద్రం చూసినవాళ్ళు లేరు. పగడం అంటే మా నాయనమ్మ పుస్తెలతాడుకు గుచ్చిన రెండు ఎర్ర పూసలే. అది ఒకప్పుడు ప్రాణి అని చెప్తే ఆమె నవ్వింది. "రాయికి పాణమేందిరా?" అన్నది.

పూసలు చేసే ఎర్ర పగడం వేరే జాతి, అక్వేరియంలో పెట్టేవి వేరే. కానీ రెండూ రాళ్ళు కావు, మొక్కలూ కావు. చిన్న చిన్న జీవులు వందలూ వేలూ అంటుకొని బతికే గుంపు అది. దిబ్బలు కట్టే రాతి పగడాలైతే సముద్రపు నీళ్ళలోంచి కాల్షియం, కార్బొనేట్ తీసుకొని తమ కింద తామే సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కిరాయికి ఉంటుంది. పగలంతా వెలుతురుతో ఆహారం తయారుచేసి, అందులో పెద్ద వాటా ఇంటి ఓనరుకే ఇస్తుంది. అక్కడి మామూలు ఎండాకాలం కన్నా నీళ్ళు ఒక్క డిగ్రీ ఎక్కువ వేడిగా కొన్ని వారాలుంటే చాలు, ఆ కిరాయిదారు బయటికి పోతాడు. పగడం తెల్లబోతుంది, పస్తులుంటుంది. వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. 2024లో లక్షద్వీప్‌లో జరిగింది ఇదే. అంత పెద్ద సముద్రమే కాపాడలేకపోయిన ప్రాణిని మనం అరవై లీటర్ల గాజుపెట్టెలో కాపాడతామని అంటున్నాం.

ఇక నా సంగతి. ఫస్టియర్ సెలవుల్లో హైదరాబాద్‌లో ఒక షాపులో రెండు క్లౌన్ చేపలు కొన్నాను. కవర్లో నీళ్ళు, ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండు వేసిచ్చారు. కవరు ఒళ్ళో పెట్టుకొని బస్సులో ఇంటికొచ్చాను. ఇంట్లో అరవై లీటర్ల ట్యాంకు అప్పటికే పెట్టి ఉంది. లీటరుకు 35 గ్రాముల లెక్కన రెండు కిలోల వంద గ్రాముల మెరైన్ సాల్ట్ కలిపాను. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీళ్ళలో మెగ్నీషియం, కాల్షియం, ఇంకా చాలా ఉంటాయి, అవన్నీ సమపాళ్ళలో ఉన్న ఉప్పే కావాలి. బోరు నీళ్ళూ పనికిరావు. అందుకని ఆర్వో నీళ్ళ క్యాన్లు తెప్పించాను. అమ్మ చూసి ఒకటే మాటన్నది: "మనం తాగేతందుకే క్యాన్ కొనుక్కుంటున్నం. గీటికి గూడ క్యాన్ నీళ్ళేనా బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటి ఆర్వో మిషన్ అయినా ఒక లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు మోరీలోకి వదులుతుంది. ఎండాకాలం బిందెలు లెక్కపెట్టుకునే ఇంట్లో ఆ లెక్క చెప్పడానికి నోరు రాలేదు.

రెండు రోజులకు నీళ్ళు అద్దంలా తేటపడ్డాయి. ఇంకేం, చేపల్ని వదిలాను. వాడకట్టు పిల్లలంతా వచ్చారు. నాయనమ్మ కుర్చీ వేసుకొని కూర్చుంది. ఐదో రోజు ఒకటి పోయింది. ఏడో రోజు రెండోదీ పోయింది. తర్వాత టెస్ట్ కిట్ తెప్పించి చూస్తే అమ్మోనియా. నీళ్ళు మాత్రం ఇంకా అద్దంలానే ఉన్నాయి.

తప్పు ఎక్కడుందో ఇప్పుడు తెలుసు. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా రాళ్ళ మీద, ఫిల్టర్‌లో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను ఇచ్చింది రెండు రోజులు. పైగా ఉప్పునీళ్ళలో అమ్మోనియా మరీ ప్రమాదం. మంచినీళ్ళ ట్యాంకులో పీహెచ్ ఏడు దగ్గర ఉంటే చాలాభాగం అమ్మోనియం అయానుగా ఉండి అంతగా చెయ్యి చేసుకోదు. సముద్రపు నీళ్ళ పీహెచ్ ఎనిమిది దాటి ఉంటుంది. ఆ దగ్గర్లో పీహెచ్ ఒక్క యూనిట్ పెరిగితే విషపు వాటా దాదాపు పది రెట్లవుతుంది. ఫస్టియర్ కెమిస్ట్రీలో బఫర్ల మీద పది మార్కుల ప్రశ్న రాసి పాసైనవాణ్ణే నేను. ఆ కెమిస్ట్రీ మా ఇంటి ట్యాంకు దాకా రాలేదు.

ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టేవాళ్ళు అందరూ చివరికి తెలుసుకునే సంగతి ఒకటే. మనం పెంచేది చేపల్ని కాదు, నీళ్ళని. నీళ్ళు బాగుంటే చేప దాని బతుకు అది బతుకుతుంది.

"అందుకే కదా సెన్సర్లు" అంటాడు మావాడు. సరే, సెన్సర్ల సంగతే చూద్దాం. మన ల్యాబుల్లో తిరిగే చవక టీడీఎస్ సెన్సర్ వెయ్యి పీపీఎం దాకా చదువుతుంది. సముద్రపు నీళ్ళు 35,000 పీపీఎం. అందులో ముంచితే అది చెప్పే అంకెకు అర్థమే లేదు. అమ్మోనియాకు మన బడ్జెట్‌లో నమ్మదగ్గ సెన్సరే దొరకదు, చుక్కల కిట్‌తో చేత్తో చూసుకోవాల్సిందే. పగడాలకైతే కాల్షియం 400 నుంచి 450 పీపీఎం మధ్య, మెగ్నీషియం 1300 దగ్గర, ఆల్కలినిటీ 8, 9 డీకేహెచ్ దగ్గర ఊగకుండా ఉండాలి. ఇవీ చేతి పరీక్షలే. ఉష్ణోగ్రత ఒక్కటి మాత్రం చవక సెన్సర్ బాగానే చెప్తుంది. 25, 26 డిగ్రీలుండాలి. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం ట్యాంకు 32కి చేరిందని యాప్ మోగుతుంది. మోగితే? చిల్లర్ ధర మన ప్రాజెక్టు ఖర్చు మొత్తాన్ని దాటుతుంది. అలారం ఉండి చిల్లర్ లేకపోతే, చేప చచ్చిన టైము నిమిషాలతో సహా రికార్డవుతుంది, అంతే.

ఇంకో చిన్న లెక్క. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. అరవై లీటర్లలో మూడు లీటర్లు ఎగిరిపోతే అదే రెండు కిలోల వంద గ్రాముల ఉప్పు 57 లీటర్లలో ఉంటుంది. లీటరుకు 35 గ్రాములున్నది 37 దగ్గరికి పోతుంది. దానికి రోజూ మంచినీళ్ళు పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. ఆదివారం కూడా పోయాలి. సంక్రాంతికీ పోయాలి. సెమ్ సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయినప్పుడు ఎవరు పోస్తారు? మెసేజ్‌లో ఆ పేరు లేదు.

అసలు నేను వద్దన్నది ఇందుకే. మన ప్రాజెక్టు ఒక సెమిస్టర్. మన బీటెక్ నాలుగేళ్ళు. బాగా చూసుకుంటే క్లౌన్ చేప పదేళ్ళు దాటి బతుకుతుంది. వైవా అయిన మర్నాడు బోర్డు పీకి జూనియర్‌కు ఇస్తాం. చేపని ఏం పీకి ఎవరికిస్తాం?

ఇక పగడాల మాట. నేను కొన్న రోజు షాపాయన ఒక చిన్న పగడపు ముక్క కూడా చూపించాడు. డబ్బులు చాలక వద్దన్నాను, మంచితనంతో కాదు. తర్వాత చదివితే తెలిసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి పగడాలన్నిటినీ 2001లో షెడ్యూల్ ఒకటిలో చేర్చారు. మన సముద్రంలోంచి వాటిని తీసినా, అమ్మినా, కొన్నా నేరం. మూడేళ్ళకు తగ్గని జైలు రాసి ఉంది.

అచ్చంపేట వాళ్ళకు షెడ్యూల్ ఒకటి అంటే ఏంటో చెప్పక్కర్లేదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు మా గుమ్మంలోనే ఉంది. పులి ఉన్నది ఆ షెడ్యూల్‌లోనే. పులిగోరు జేబులో పెట్టుకొని తిరగడానికి మా ఊళ్ళో ఎవడైనా భయపడతాడు. అదే చట్టంలో, అదే షెడ్యూల్‌లో ఉన్న పగడాన్ని మాత్రం కవర్లో వేసి బిల్లు లేకుండా ఇస్తే మనం మురిసిపోయి ఫోటో పెడతాం. పులికి కళ్ళున్నాయి, గర్జిస్తుంది. పగడానికి నోరున్నా అరవదు. తేడా అంతే.

మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలున్నవి అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ వైపు. మన తెలుగు తీరంలో అంత పెద్ద దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్ళు, ఒండ్రు వాటికి పడవు. మా నల్లమలను ఒరుసుకుంటూ పోయే కృష్ణ, పగడం అక్కడ ఉండొద్దని తీర్పు చెప్పినట్టే. నది ఒప్పుకోని దాన్ని మనం క్యాన్ నీళ్ళతో ఒప్పించాలని చూస్తున్నాం.

చేపల సంగతీ తక్కువేం కాదు. ఉప్పునీళ్ళ అలంకారపు చేపల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ సముద్రంలోంచి పట్టుకొచ్చినవే. ఫిలిప్పీన్స్ లాంటి చోట్ల సయనైడ్ చల్లి, మత్తెక్కించి పట్టిన చరిత్ర ఉంది. దాంతో చుట్టూ ఉన్న పగడమూ చస్తుంది. సినిమాలో డోరీగా చూసిన నీలం చేపని ట్యాంకులో పుట్టించి పెంచడం శాస్త్రవేత్తలకు 2016లో గానీ కుదరలేదు. క్లౌన్ చేప ఆ విషయంలో నయం. దాన్ని హేచరీల్లో పెంచవచ్చు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఆ పద్ధతులు ఎప్పుడో తయారుచేసింది.

దీనికి ఎదురు వాదన ఉంది, అది నాకు తెలుసు. సముద్రం చూడని పిల్లలు ట్యాంకు చూస్తేనే కదా సముద్రం మీద ఇష్టం పుట్టేది? నిజమే. ఆ ఏడు రోజులు మా వాడకట్టు పిల్లల మొహాలు నేను చూశాను. నాయనమ్మ మొహమూ చూశాను. ఆ రెండు నారింజ చేపలే మా ఇంటికి వచ్చిన మొదటి సముద్రం. కాదనను. కానీ ఏడో రోజు ఆ పిల్లల్లో ఒకడు "సముద్రం చేపలు గిట్లనే సచ్చిపోతయా అన్నా?" అని అడిగాడు. వాడు నేర్చుకున్నది అది. ఇష్టం పుట్టించాలంటే ముందు బతికించడం రావాలి. అంతదాకా విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని ఉంది. టూర్ పెడితే నేనే ముందు పేరిస్తా.

కాబట్టి ఊరికే వద్దనడం లేదు, మారుద్దామంటున్నా. మొదటి రెండు నెలలు ట్యాంకులో ఉప్పునీళ్ళు, మామూలు రాళ్ళు, పంపు, సెన్సర్లు మాత్రమే పెడదాం. చేప వద్దు. అమ్మోనియా చుక్క చుక్క మనమే కలిపి, అది నైట్రేట్‌గా మారేదాకా గ్రాఫు గీద్దాం. ఉష్ణోగ్రత, ఉప్పు గీతలు అరవై రోజులు ఊగకుండా నిలిస్తే, సెలవుల్లో చూసుకునే మనిషి పేరు కాగితం మీద ఉంటే, హేచరీలో పుట్టిన క్లౌన్ జత ఒకటి తెద్దాం. ప్రాజెక్టు అయ్యాక అవి ఎవరింటికి పోతాయో ముందే రాసుకుందాం. పగడం మాత్రం వద్దే వద్దు. అంత ఓపిక లేదంటే మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఉంది. అది మన నీళ్ళలో, మన ఎండలో పుట్టి పెరిగిన చేప. దాని చెరువు నీళ్ళు ఎట్లున్నాయో కొలిచే యంత్రం చేద్దాం. చవక టీడీఎస్ సెన్సర్ అక్కడ చక్కగా పనిచేస్తుంది.

నిన్న మావాడు ఫోన్ చేసి, "చేప లేని ట్యాంకు చూడడానికి ఎవడొస్తడురా?" అన్నాడు.

నేనొస్తా. రోజూ పొద్దున క్లాసుకు ముందు వచ్చి ఎగిరిపోయిన నీళ్ళు పోసి పోతా. ఆదివారం ఎవరొస్తారో చెప్పండి.