తెరపై కాలయంత్రము

గోదావరి మండలమున టూరింగు టాకీసులలో నేలపై కూర్చుండి పౌరాణిక చిత్రములు చూచిన తరమువారికి, దేవతలు తెరపై మాయమగుటయే గొప్ప వింత. 1991లో వచ్చిన 'ఆదిత్య 369' తరువాతి తరమునకు వేఱొక వింతను చూపెను. అందు మానవుడు దైవలీలచేత గాక యంత్రముచేత కాలమును దాటును.

ఈ చిత్రమునకు దర్శకులు సింగీతం శ్రీనివాసరావుగారు. ఆంగ్లరచయిత హెచ్.జి.వెల్సు 1895లో ప్రకటించిన కాలయంత్రపు నవల దీనికి ప్రేరణము. కథానాయకుడు శ్రీకృష్ణదేవరాయలు పాలించుచున్న 1526వ సంవత్సరమునకు పోవును. పిమ్మట 2504కు పోవును. అచ్చట యుద్ధఫలముగా భూతలము విషకిరణములతో నిండగా, జనులు భూగర్భమున జీవించుచుందురు. రాయల సభ కన్నులకు పండుగ. ఆ పాతాళనగరము బుద్ధికి హెచ్చరిక.

2025 ఏప్రిలులో ఈ చిత్రము మరల థియేటర్లకు వచ్చెను. నాటి బాలురు నేడు తలిదండ్రులైరి. వారు తమ బిడ్డలకు దీనిని చూపవచ్చునా? ఇట్టి చిత్రములు అసత్యమును సత్యముగా భ్రమింపజేయునని కొందఱు పెద్దలు చెప్పుదురు. ఆ భయము నిరాధారము కాదు. రాయలు 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలుట చరిత్రము. ఆయన సభకు నేటి యువకుడు పోవుట కల్పన. గతమునకు గొనిపోవు యంత్రమును నేటివఱకు ఎవరును నిర్మింపలేదు. ఈ భేదమును బాలునికి తెలియజెప్పవలెనే గాని, చిత్రమును మాన్పింప బనిలేదు.

ఏలయన, ఊహ లేనిదే శాస్త్రము లేదు. కరవులకును వరదలకును లోనైన ఈ సీమను చూచి, కాటనుదొర పచ్చని పొలములను మనసున ముందుగా దర్శించెను. 1847లో ధవళేశ్వరమున ఆనకట్టపని మొదలయ్యెను. 1852 నాటికి ముగిసెను. ఊహించుటతోనే ఆయన తృప్తిపడియుండినచో నీరు పొలమునకు వచ్చియుండెడిది కాదు. నేలను కొలిచెను, లెక్కలు వేసెను, రాతిపై రాయి పేర్పించెను.

2024లో నాగ్ అశ్విన్‌గారి దర్శకత్వమున వచ్చిన 'కల్కి 2898 ఏ.డి.' చిత్రములో గంగ ఎండిపోయి కనబడును. అదియు కల్పనయే. కాని చిత్రము ముగిసి యింటికి పోవు బాలుడు కాలువగట్టున ఒక్కక్షణము నిలిచి, "ఈ నీరు నా మనుమల కాలమున ఉండునా? ఉండుటకు నేనేమి చేయవలెను?" అని యడిగినచో, వాని టికెట్టు వెల వ్యర్థము కాలేదని పెద్దలు ఒప్పుకొనవలెను.