స్కైరిమ్‌లో ప్రత్యేక రాజ్యం, మామిడి తోటలో తగువు

ఆటలో ఏముంది, పిల్లల వ్యవహారం అని కొట్టిపారేసేవాళ్ళు మన ఉద్యమ మిత్రుల్లోనే చాలామంది ఉన్నారు. సినిమా గురించి రాస్తే చదువుతారు, పాట గురించి రాస్తే చదువుతారు, వీడియో గేమ్ అనేసరికి పేజీ తిప్పేస్తారు. ఈ వారం తిప్పొద్దని మనవి. ఆరు కోట్లకు పైగా అమ్ముడైన ఒక ఆట నడిమధ్యన ఉన్నది మన తగువే. కలిసుండాలా, విడిపోవాలా?

ఆట పేరు స్కైరిమ్. అమెరికాలోని బెథెస్డా కంపెనీ 2011 నవంబర్ 11న విడుదల చేసింది. మా చేతికి వచ్చింది మాత్రం 2012 వేసవిలో. చింతలపూడి దగ్గర మామిడి తోట, కాపలా గుడిసె, నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే ఒక తమ్ముడి ల్యాప్‌టాప్. డీవీడీ అసలుది కాదు, ఒప్పుకుంటాం. కరెంటున్న గంటల్లో మోటారు షెడ్డులో ఛార్జింగు పెట్టుకుని, రాత్రి కాయ కాపలా పేరుతో ఆడేవాళ్ళం. ల్యాప్‌టాప్ వేడెక్కి బొమ్మ ఆగి ఆగి కదిలేది. అయినా వదల్లేదు.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. స్కైరిమ్ ఒక పెద్ద సామ్రాజ్యంలో ఉత్తరాది ప్రాంతం. సామ్రాజ్యం థాల్మోర్ అనే ఎల్ఫుల ప్రభుత్వంతో యుద్ధం చేసి, అలసిపోయి సంధి చేసుకుంది. ఆ ఒప్పందం ప్రకారం స్కైరిమ్ జనం కొలిచే టాలోస్ దేవుడి పూజ నిషేధం. తమ దేవుణ్ణి తమను అడక్కుండా తాకట్టు పెట్టారని ఉల్ఫ్రిక్ అనే నాయకుడు తిరగబడ్డాడు. అతని సేన పేరు స్టార్మ్‌క్లోక్‌లు. ఆట మొదలయ్యేదే అతనితోపాటు మనల్నీ బండిలో కట్టి తలారి దగ్గరకు తీసుకెళ్ళే దృశ్యంతో. అది చూసిన ఉద్యమకారుడు ఏ పక్షంలో చేరతాడో వేరే చెప్పాలా? చింతలపూడిలో ఉండి కూడా ప్రత్యేక రాష్ట్రం న్యాయమే అన్నవాళ్ళం మేము. చేరాం. సత్తుపల్లి మిత్రుడూ చేరాడు. తోట యజమాని కొడుకు సామ్రాజ్యం వైపు పోయాడు. ‘విడిపోతే థాల్మోర్ వాళ్ళు ఇద్దర్నీ మింగేస్తారురా’ అని వాడి వాదన. సమైక్య సభల్లో వినే మాటే.

2013 ఆగస్టులో ఇటువైపు బస్సులు ఆగిపోయాక సత్తుపల్లి వాడు బండి మీద వచ్చాడు. ఆ రాత్రి గొడవ ఆటలోది కాదని అందరికీ తెలుసు. ‘మీ ఉల్ఫ్రిక్’, ‘మీ సామ్రాజ్యం’ అంటూనే కాలర్లు పట్టుకునేదాకా వెళ్ళింది. తరువాత చాలాకాలం వాడు ఈ తోటకు రాలేదు.

ఆటను మళ్ళీ నెమ్మదిగా ఆడిన తరువాత మాకు కొన్ని సంగతులు కనిపించాయి. మొదటిసారి ఆవేశంలో చూడనివి. ఉల్ఫ్రిక్ రాజధాని విండ్‌హెల్మ్‌లో అడుగుపెట్టగానే, బతుకుతెరువుకు వచ్చిన నల్ల ఎల్ఫుల మీద ఇద్దరు స్థానికులు నోరు పారేసుకుంటుంటారు. ఆ ఎల్ఫులందరిదీ ఊరి మూల ఒక మురికివాడ. ఆర్గోనియన్లకు ఊళ్ళోకి ప్రవేశమే లేదు, రేవులో మూటలు మోసి అక్కడే పడుకోవాలి. స్వయంపాలన కోరే నాయకుడి సొంత ఊళ్ళో వెలివాడ! వలస వచ్చినవాడి పట్ల మన మాట ఎలా ఉండాలో తేల్చుకోలేక తడబడ్డ ఉద్యమాలన్నీ ఇక్కడ అద్దం చూసుకోవచ్చు.

అంతకంటే గట్టి దెబ్బ మార్కార్త్‌లో. ఆ కొండల అసలు హక్కుదారులం మేమేనని చెప్పే ఫోర్స్‌వార్న్ అనే జనం ఒకప్పుడు ఆ ఊరిని గెలుచుకుని సొంతంగా ఏలుకున్నారు. వాళ్ళను అణిచింది సామ్రాజ్య సైన్యం కాదు, ఈ ఉల్ఫ్రికే. వాళ్ళ రాజు ఇప్పుడు సిధ్నా వెండి గనిలో ఖైదీ. గని ఒక ధనిక కుటుంబానిది, తవ్వేది జైలు కూలీలు. అంటే పెద్ద ప్రత్యేకవాదం కింద ఒక చిన్న ప్రత్యేకవాదం నలిగిపోయింది. ఆట ఈ సంగతి అరిచి చెప్పదు. గనిలోకి వెళ్ళినవాడికే తెలుస్తుంది.

ఇంకో ఘట్టం ఉంది. డ్రాగన్ల బెడద తీరేదాకా ఇరుపక్షాలూ కాల్పుల విరమణకు కూర్చుంటాయి. బల్ల మీద ఊళ్ళు చేతులు మారతాయి, మార్కార్త్ నీకు, రిఫ్టెన్ నాకు అని. ఆ ఊరి జనాన్ని అడగడం అనేదే లేదు. మాకు ఇది కల్పనగా తోచలేదు. 2014లో పోలవరం ముంపు పేరుతో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను ఖమ్మం నుంచి తెచ్చి మా పశ్చిమ గోదావరిలో కలిపారు. కోయ గూడేలను అడిగి గీసిన గీత కాదది.

థాల్మోర్ కార్యాలయంలో ఉల్ఫ్రిక్ మీద ఒక రహస్య ఫైలు దొరుకుతుంది. అతను గెలవడమూ తమకు అక్కర్లేదు, యుద్ధం సాగుతూ ఉంటే చాలని అందులోని సారాంశం. కలిసున్నా విడిపోయినా తమ వాటా తాము చూసుకునే పెద్దలు ప్రతిచోటా ఉంటారు.

స్కైరిమ్‌కు పోటీగా చెప్పే ఆట ది విచర్ 3. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ 2015 మేలో తెచ్చింది. ఈ రెంటి అభిమానులకు పడదు. మా తీర్పు అడిగితే రాజకీయంలో విచర్‌దే పైచేయి. అందులో రోష్ అనే దేశభక్తుడు తన టెమేరియాకు స్వయంప్రతిపత్తి కోసం ఆక్రమించిన చక్రవర్తితోనే బేరం కుదుర్చుకుంటాడు, చేతులకు నెత్తురు అంటుకుంటుంది. స్కైరిమ్‌లో ఎవరు గెలిచినా జెండాలూ ఊరి పెద్దలూ తప్ప పెద్దగా ఏమీ మారదు. ఇది లోపమని విమర్శకులు అంటారు. మన ఉద్యోగ మిత్రులు నిజమేనంటారేమో!

జపాన్ అభిమానుల తగువు ఇంకా పాతది. ఎనిక్స్ వారి డ్రాగన్ క్వెస్ట్ 1986లో, స్క్వేర్ వారి ఫైనల్ ఫాంటసీ 1987లో వచ్చాయి. కంపెనీలు రెండూ 2003లో విలీనమయ్యాయి. అభిమానులు మాత్రం ఇంకా కాలేదు.

ఒక బాధ చెప్పుకోవాలి. విచర్ 3లో కోటిమంది కూడా లేని హంగరీ భాషలో మాటలు చదువుకోవచ్చు. 2011 లెక్కల్లో ఎనిమిది కోట్ల మందికి మాతృభాష అయిన తెలుగు లేదు. పోలండ్ ప్రధాని 2011లో ఒబామాకు ఇచ్చిన కానుకల్లో విచర్ రెండో ఆట ఉంది. మన ముఖ్యమంత్రులు కొండపల్లి బొమ్మ దాటి ఆలోచించినట్టు లేదు. పాతాళభైరవి తీసిన జాతి ఇంగ్లీషు మెనూలతో కుస్తీ పడుతోంది.

మొన్న వేసవిలో సత్తుపల్లి మిత్రుడు రసాల కోతకు వచ్చాడు. చిక్కాలు పక్కన పెట్టి, అదే గుడిసెలో, తోట యజమాని కొడుకు కొత్త ల్యాప్‌టాప్‌లో స్కైరిమ్ మొదటినుంచి పెట్టారు. ఈసారి ఏ పక్షంరా అని అడిగాం.

‘ఆగు, ముందు ఆ గనిలోకి పోనీ’ అన్నాడు.