బియ్యం వేసిన కైమా ఉండలు

మన ఇళ్లలో మాంసం వండిన రోజున ముందు మగవారికీ, పిల్లలకూ వడ్డన జరుగుతుంది. చివర కూర్చున్న ఇల్లాలికి మిగిలేది పులుసూ, రెండు ఎముకలూ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాట 15 మొదలు 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 53 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఈ వడ్డనే అందుకు కారణమని అనను గాని, సాయం మాత్రం చేస్తూనే ఉన్నది.

అందుకని ఈ నెల ఉండల కూర. మన పొరుగు తమిళులు కోలా ఉరుండై అని నూనెలో వేయించేది వేరు. ఇది పులుసులో ఉడికేది. గొడ్డుమాంసం తినే ఇళ్లవారు దానితోనూ, తక్కినవారు మేకమాంసంతోనూ చేసుకోవచ్చును.

కొవ్వు తీయించిన కైమా పావు కిలో. 75 గ్రాముల పచ్చిబియ్యం అరగంట నానబెట్టి, నీరు వార్చి, సన్నగా తరిగిన ఉల్లి, అల్లం, వెల్లుల్లి, సోంపు, ఉప్పు చేర్చి గట్టిగా పిసికి, ఉసిరికాయంత ఉండలు 24 చేయవలెను. టమాటా, ధనియాలు, మిరపకాయలు నూరిన పులుసు మరుగుతుండగా ఒక్కొక్కటే జారవిడిచి, మూతపెట్టి, సన్న సెగమీద 40 నిమిషాలు ఉంచాలి. గరిటె పెట్టి తిప్పారా, ఉండల కూర కాస్తా కైమా కూర అవుతుంది! గిన్నెనే పట్టుకొని కుదపండి. బియ్యం ఉబ్బి ముళ్లలాగా పైకి పొడుచుకొని రావాలి, లోపల ఎరుపు కనిపించరాదు. కైమా ముక్కలకన్నా త్వరగా చెడుతుంది గనుక కొన్ననాడే వండాలి.

లెక్కలు వ్రాసే ఉద్యోగం నాది, వంటింట్లోనూ అదే బుద్ధి. నాలుగు ఉండలలో మాంసకృత్తులు సుమారు 9 గ్రాములు. స్త్రీకి రోజుకు 46 గ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి లెక్క. (ఆ సంస్థ 1918లో మన కూనూరులో పుట్టి, 1958లో అక్కడికి తరలినదే.) బియ్యంలో కొరతగా ఉండే లైసిన్ మాంసంలో పుష్కలం. బి12 సరేసరి, కాయగూరలలో దొరకదు. ఇనుము మాత్రం ఒక మిల్లీగ్రామే. స్త్రీకి కావలసినది 29. అయితే మాంసంలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, పక్కనున్న ఆకుకూరలోని ఇనుమును కూడా పట్టిస్తుంది. కనుక మునగాకు వేపుడు చేసి, నిమ్మరసం పిండండి. భోజనం కాగానే కాఫీ వద్దు. అది ఇనుమును అడ్డుతుంది.

ఆరుగురున్న ఇంట తలకు నాలుగు. ముక్కల కూరలో ఎవరికెన్ని పడినవో ఎవరూ చూడరు. ఉండలైతే లెక్క తెలుస్తుంది. వడ్డనకు ముందే ఇల్లాలి నాలుగూ వేరే గిన్నెలోకి తీసి మూత పెట్టండి.