వరుసలో నిలువలేని బిడ్డకూ చోటుండాలి

నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద, బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో, మైపాడు తీరం నుండి వచ్చిన ఒక తల్లి ఎనిమిదేళ్ల కుమారుని కోసం ఆరోగ్య రొట్టె అందుకున్నది. బిడ్డకు జ్వరం లేదు, నొప్పి లేదు. "వాడితో ఎవరూ ఆడరు చాచా" అన్నదామె మాతో.

ఆ బిడ్డకు ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని వైద్యులు తేల్చారు. ఆటిజం ఉన్న బిడ్డకు ఏడీహెచ్‌డీ కూడా ఉందని నిర్ధారించడానికి అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం 2013 వరకు అంగీకరించలేదు. ఒకదాని వలన ఎదుటివారి ముఖభావం, హాస్యం అతనికి అందవు; రెండవదాని వలన తన వంతు వచ్చేదాకా ఆగలేడు. స్నేహం కోరి పరుగున వెళతాడు, ఆట చెడుతుంది, వెలివేయబడతాడు. దానిని మనం పొగరంటున్నాము, తల్లి పెంపకమంటున్నాము, జిన్ను సోకిందంటున్నాము. దుఆ చేయడం మానమని మేము అనము. దుఆతోపాటు వైద్యుని వద్దకూ వెళ్లాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఉన్నది, ఏడీహెచ్‌డీ లేదు. కనుక "అల్లరి ఎక్కువ" అన్న మాటతో సరిపెట్టుకోక, ఆటిజం పరీక్ష కూడా అడిగి చేయించాలి. వైకల్యం 40 శాతానికి తగ్గదని ధ్రువపత్రం లభిస్తే 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య ఆ బిడ్డ హక్కు. ప్రభుత్వ గుర్తింపు పొందిన పాఠశాల ఏదీ వైకల్యం సాకుతో చేర్చుకోననరాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు వారికి ఈ రెండింటికీ ఉచితంగా పరీక్ష చేయాలి. అంగన్‌వాడీలోనో, ప్రభుత్వ పాఠశాలలోనో అడగండి.

అయితే ఉద్యోగకాలమంతా దరఖాస్తులతోనే గడిపిన మేము చెప్పగలిగినదొకటి ఉన్నది: స్నేహితుని ఏ కార్యాలయమూ మంజూరు చేయదు. అది మన మొహల్లా చేయవలసిన పని. మదరసాలో ఒకసారికి ఒకే మాట చెప్పండి. ఓర్పుగల ఒక తోటి బిడ్డను పక్కన కూర్చోబెట్టండి. జుమా నాడు వరుస చివర, తలుపు దగ్గర, తండ్రి పక్కన అతనికి స్థలమివ్వండి. బిడ్డ కదిలితే కసరకండి. దైవప్రవక్త (స) తమ మనుమరాలు ఉమామాను ఎత్తుకొనియే నమాజు చదివించారన్నది మనమెరిగినదే.

ఆ తల్లి మరుసటి మొహర్రంకు మళ్లీ వస్తుంది. అప్పటికి ఆమె బిడ్డతో ఆడే బిడ్డ ఒకడైనా మన ఇళ్ల నుండి వెళ్లాలి.