సూపు నీరు రోగికి, ముక్కలు ఎవరికి?



ఎముక విరిగినా, శస్త్రచికిత్స జరిగినా, కాన్పు అయినా, మోకాళ్ళలో నొప్పులు మొదలైనా మన ఇళ్ళలో తప్పక వినిపించే సలహా ఒకటుంది: "ఎముకల సూపు కాచి పట్టండి, బలం వస్తుంది" అని. తెలంగాణలో బొక్కల చారు అన్నా, కోస్తాలో బొమికల పులుసు అన్నా, హైదరాబాదులో పాయా అన్నా, మేక కాళ్ళనూ నల్లి ఎముకలనూ గంటల తరబడి ఉడికించి తీసిన ఆ చిక్కని రసం మీద మనవారికి గల నమ్మకం చాలా పాతది. ఇప్పుడు అదే రసం 'బోన్ బ్రాత్' అనే కొత్త పేరుతో, పొడుల డబ్బాలలో, పెద్ద ధరతో తిరిగి మన ముందుకు వచ్చింది. కీళ్ళకు, చర్మానికి, జుట్టుకు, పేగులకు, అన్నింటికీ అదే మందని ప్రచారం సాగుతున్నది.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఇంట్లో శుభ్రంగా కాచుకొన్న ఎముకల సూపు మంచి ఆహారం. అది ఔషధం మాత్రం కాదు. రోగికి పెట్టవలసిన భోజనానికి బదులుగా దానిని పోయడం వలన మేలు కంటే కీడే ఎక్కువ. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

సూపులోకి నిజంగా దిగేదేమిటి?

ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజ లవణాలు. ముఖ్యంగా కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన గట్టి పదార్థం. మిగిలిన దానిలో అధిక భాగం కొలాజెన్ అనే మాంసకృత్తి. ఇంటి కప్పు వేసేటప్పుడు ఇనుప చువ్వలు, కాంక్రీటు కలిసి ఉన్నట్లుగా ఈ రెండూ ఎముకలో పెనవేసుకొని ఉంటాయి. వేడినీటిలో ఎక్కువసేపు ఉడికితే కొలాజెన్ విడివడి జెలటిన్‌గా మారి నీటిలో కరుగుతుంది. చల్లారిన సూపు జున్నులా గడ్డకట్టడానికి కారణం అదే. నల్లి ఎముకలలోని మూలుగ నుండి కొవ్వు కూడా దిగుతుంది. ఖనిజ భాగం మాత్రం వేడినీటికి లొంగదు. గంటల తరబడి మరిగిన తరువాత కూడా ఎముక ఎముకగానే మిగలడం మీరు చూసే ఉంటారు. కాల్షియం ఎక్కడ ఉండిపోయిందో ఆ మిగిలిన ఎముకే చెబుతుంది.

ఇది నేడు కొత్తగా తేలిన సంగతి కాదు. 1934లోనే లండన్‌లో మెకాన్స్, షెల్డన్, విడోసన్ అనే పరిశోధకులు పసిపిల్లలకు పట్టే ఎముకల సూపులను పరీక్షించి, పాలతో పోలిస్తే వాటి పోషక విలువ తక్కువని చెప్పారు. నిమ్మరసమో చింతపండో వేస్తే కాల్షియం కొంచెం ఎక్కువ దిగుతుంది. అయినా పాలకు సాటి రాదు. వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. వంద గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఎముకలకు కాల్షియం కావాలనుకొనేవారు పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ముళ్ళతో సహా నమిలి తినగలిగే చిన్న చేపలు ఎంచుకోవాలి. ఎముకలో కాల్షియం ఉన్నదన్న మాట నిజమే. ఆ కాల్షియం సూపులోకి వచ్చిందన్న మాట మాత్రం నిజం కాదు.

పారిస్ నేర్పిన పాఠం

ఎముకల నుండి చవకగా ఆహారం తీయాలన్న ఆలోచనకు పెద్ద చరిత్రే ఉంది. నేడు మన వంటింట్లో ఉన్న ప్రెషర్ కుక్కరుకు పూర్వ రూపాన్ని 1679లో డెనీ పపాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తయారుచేసినప్పుడు, దానితో గట్టి ఎముకలను మెత్తగా ఉడికించవచ్చునని చూపాడు. తరువాతి కాలంలో పారిస్‌లో దార్సే అనే రసాయన శాస్త్రవేత్త ఎముకల నుండి తీసిన జెలటిన్‌తో ఆసుపత్రులలోని రోగులకు, పేదలకు సూపులు అందించే పద్ధతిని ప్రోత్సహించాడు. మాంసానికి బదులు ఇది సరిపోతుందా అన్న వివాదం ఏళ్ళ తరబడి సాగింది. చివరకు ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ నియమించిన సంఘం, మజాండీ అనే సుప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో కుక్కలపై ప్రయోగాలు జరిపి 1841లో నివేదిక ఇచ్చింది. జెలటిన్ ఒక్కటే పెడితే ప్రాణం నిలవదని అందులో తేలింది.

కారణం తరువాతి కాలానికి గాని పూర్తిగా అర్థం కాలేదు. మన శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని అమైనో ఆమ్లాలు కొన్ని ఉన్నాయి. అవి ఆహారం నుండే రావాలి. వాటిలో ఒకటైన ట్రిప్టోఫాన్ జెలటిన్‌లో అసలే లేదు. కనుక జెలటిన్ అసంపూర్ణమైన మాంసకృత్తి. అన్నం, పప్పు, గుడ్డు, మాంసంతో పాటు తీసుకొంటే అది పనికివస్తుంది. ఒంటరిగా మాత్రం కండను నిలబెట్టలేదు.

"కాళ్ళు తింటే కాళ్ళకు బలం" అన్న లెక్క కూడా ఇలాంటిదే. మనం తిన్న కొలాజెన్ నేరుగా మోకాలి మృదులాస్థికి వెళ్ళి అతుక్కోదు. జీర్ణాశయంలోను, పేగులలోను అది చిన్న చిన్న ముక్కలుగా, అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటిని ఎక్కడ వాడుకోవాలో శరీరమే నిర్ణయిస్తుంది. కొలాజెన్ పొడులతో మోకాలి నొప్పి కొద్దిగా తగ్గినట్లు చూపిన పరిశోధనలు కొన్ని లేకపోలేదు. అవి శుద్ధిచేసిన పొడిని నిర్ణీత మోతాదులో ఇచ్చి చేసినవి. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క చిక్కదనంతో తయారయ్యే సూపుకు ఆ ఫలితాలను అంటగట్టలేము. శరీరం సొంతంగా కొలాజెన్ తయారుచేసుకోవడానికి విటమిన్ సి తప్పనిసరి. ఒక ఉసిరికాయ, ఒక జామకాయ ఆ పని ఎంత చవకగా చేస్తాయో ఆలోచించండి.

అసలు నష్టం ఎక్కడ జరుగుతున్నది?

ప్రభుత్వ ఆసుపత్రుల వార్డులలో నేను పదే పదే గమనించిన విషయమిది. తుంటి ఎముక విరిగిన డెబ్బై ఏళ్ళ అవ్వకు ఇంటివారు ఎంతో ప్రేమతో ఫ్లాస్కులో సూపు తెస్తారు. వడగట్టిన నీరు అవ్వకు పోస్తారు. అందులో ఉడికిన ముక్కలు "ముసలామె నమలలేదు, అరగదు" అని ఇంటిలో మిగిలినవారి విస్తళ్ళలోకి వెళతాయి. రెండు గ్లాసుల నీటితో అవ్వ కడుపు నిండిపోతుంది. పెట్టిన అన్నం వెనక్కు పోతుంది. ఇంటివారి మనసుకు మాత్రం బలమైన ఆహారమే పెట్టామన్న తృప్తి ఉంటుంది.

అరవై కిలోల బరువున్న మనిషికి మామూలు రోజులలోనే సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఎముక అతికే కాలంలో, గాయం మానే కాలంలో అంతకంటే ఎక్కువే కావలసివస్తుంది. అవి అందకపోతే మంచం మీద ఉన్న మనిషి కండ వారాలలోనే కరిగిపోతుంది. ఎముక అతికినా లేచి నడిచే శక్తి ఉండదు; మంచపు పుండ్లు మానవు. ఒక్క గుడ్డులో ఆరు గ్రాముల వరకు సంపూర్ణమైన మాంసకృత్తి ఉన్నది. సూపులో ఉడికిన మాంసాన్ని మెత్తగా చిదిమి అన్నంలో కలిపి పెడితే పళ్ళు లేనివారు కూడా తినగలరు. కనుక నా మాట ఇది: నీరు ఎవరికి పోస్తున్నారో, ముక్కలు కూడా వారికే పెట్టండి.

బాలింతల విషయమూ అంతే. పథ్యం పేరుతో పప్పు, కూర, పెరుగు మాన్పించి సూపుతో సరిపెట్టవద్దు. ఆరు నెలలు నిండిన పసిపిల్లల చిన్న పొట్టను పలుచని సూపుతో నింపవద్దు. మెత్తగా చిదిమిన పప్పన్నం, గుడ్డు, అరటిపండు వారికి ముఖ్యం. జంతువుల ఎముకలలో సీసం వంటి లోహాలు పేరుకొనే అవకాశం ఉన్నందువలన కూడా చిన్నపిల్లలకు నిత్యం సూపు పోయడం మంచిది కాదు.

ఇంట్లో కాచుకొనే పద్ధతి

నేను సూపును వద్దనడం లేదు. చలికాలపు సాయంకాలం మిరియాల ఘాటుతో వేడివేడి సూపు తాగడంలోని సుఖం నాకూ తెలుసు. జ్వరం తగ్గి నోరు చప్పబడినవారికి అది ఆకలి పుట్టిస్తుంది. నీటిని, ఉప్పును అందిస్తుంది.

నమ్మకమైన దుకాణంలో ఆరోజు కోసిన మేక కాళ్ళు గాని, నల్లి ఎముకలు గాని అరకిలో తీసుకోండి. కాళ్ళయితే వెంట్రుకలు లేకుండా కాల్చి, గీకి, బాగా కడిగించండి. ముందుగా ఐదు నిమిషాలు మరిగించి ఆ నీరు పారబోయండి. తెట్టు, మలినం పోతాయి. తరువాత రెండు లీటర్ల నీరు పోసి అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ, మిరియాలు, పసుపు, కొత్తిమీర కాడలు వేయండి. కుక్కరులో ఒక కూత వచ్చాక మంట తగ్గించి గంటసేపు ఉంచితే చాలు. మామూలు గిన్నెలోనైతే సన్నని సెగపై నాలుగు గంటలు పడుతుంది. చివరలో గుప్పెడు కందిపప్పు, క్యారెట్, టమాటా, మునగాకు వేసి ఉడికిస్తే అది నిజంగా పోషకాహారం అవుతుంది. పైన తేలిన కొవ్వు తీసివేయండి. ఉప్పు తక్కువగా, చివరలోనే వేయండి. రోజంతటికీ ఉప్పు ఐదు గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

కాచిన సూపును రాత్రంతా పొయ్యి మీదనే వదలవద్దు. గోరువెచ్చని మాంసరసం సూక్ష్మజీవులకు ఇష్టమైన చోటు. వాటిలో కొన్ని మరిగించినా చావని బీజాలుగా మిగిలి, చల్లారే వేళ తిరిగి పెరుగుతాయి. రెండు గంటలలోపే చిన్న గిన్నెలలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. తిరిగి తాగేటప్పుడు తెర్లేవరకు కాచండి. జబ్బుచేసి చనిపోయిన జంతువు మాంసం గాని, ఎముకలు గాని ఏ ధరకు వచ్చినా కొనవద్దు. విశాఖ మన్యంలో అటువంటి మాంసం వలన ఆంత్రాక్స్ సోకిన ఉదంతాలు ఉన్నాయి.

ఎవరు జాగ్రత్తపడాలి?

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గుండె బలహీనతతో కాళ్ళు వాచేవారు, రక్తపోటు అదుపులో లేనివారు, యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్ళవాపు వచ్చేవారు తమ వైద్యుని అడగకుండా ఎముకల సూపును అలవాటు చేసుకోరాదు. అరవై దాటిన స్త్రీకి చిన్న పాటు పడితేనే ఎముక విరిగినదంటే, ఆమె ఎముకలు గుల్లబారాయేమోనని పరీక్ష చేయించాలి. విటమిన్ డి సంగతి చూడాలి. అవసరమైన మందులు మొదలుపెట్టాలి. ఈ పనులేవీ చేయకుండా సూపు మీద నమ్మకం పెట్టుకొంటే రెండవ ఎముక విరిగే రోజు వస్తుంది.

శాకాహారులు ఇది తమకు లేదని చింతించనక్కరలేదు. పాలు, పెరుగు, పప్పులు, రాగులు, నువ్వులు, ఉదయపు ఎండ, రోజూ నడక: ఎముకకు కావలసినవి చాలావరకు వీటిలోనే ఉన్నాయి. మాంసాహారులు కూడా వీటిని వదలరాదు.

పొడి డబ్బా కొనే ముందు ఆ డబ్బుతో ఎన్ని గుడ్లు, ఎన్ని లీటర్ల పాలు వస్తాయో ఒకసారి లెక్క వేయండి. ఇంట్లో రోగి ఉంటే, ఈ రాత్రి వారి కంచంలో పప్పు గాని, గుడ్డు గాని, మెత్తని మాంసం గాని ఉన్నదా అని చూడండి. ఉంటే పక్కన ఒక గిన్నె సూపు సంతోషంగా పెట్టండి.